వరుస తప్పించింది నేనే: రావులపాలెం నుంచి దిండి దాకా రెండు సీట్ల కారులో

మా మనవరాలు శిరీష ఎర్ర కారు కొన్న రోజున నేను పిల్లతో మాట్లాడలేదు. ఇంట్లో నలుగురం మనుషులం ఉంటే రెండు సీట్ల బండి ఎవరైనా కొంటారా? పైగా ఎవరో వాడి వదిలేసింది. నేల మీద పాకుతున్నట్టుంటుంది. ఎక్కాలంటే చతికిలబడాలి, దిగాలంటే ఎవరో ఒకరు చెయ్యి పట్టి లాగాలి. కానీ పిల్ల రాజోలులో రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షచేసే ల్యాబులో ఆరేళ్ళు పనిచేసి, తన జీతంతో కొనుక్కుంది. అందుకని నోరు మూసుకున్నాను. నాకు అది అలవాటు లేని పని.

ఇలాంటి కార్లున్నవాళ్ళు మా గోదావరి జిల్లాల్లో ఒక క్లబ్బు పెట్టుకున్నారు. నెలకో ఆదివారం ఒకరి వెనక ఒకరు వరుసగా ఎక్కడికో వెళ్ళి, తిని, కబుర్లాడుకుని వస్తారు. పందేలేమీ ఉండవు. కొత్తగా చేరినవాళ్ళు ఒక ప్రయాణమంతా వరుస తప్పకుండా నడిపితేనే కారు వెనక అద్దానికి క్లబ్బు స్టిక్కరు అంటిస్తారు. మా పిల్ల రెండు నెలల నుంచి ఆ స్టిక్కరు కోసం అద్దం మీద కుడి మూల ఖాళీగా ఉంచింది. వాళ్ళమ్మ వెంకన్నబాబు బొమ్మ తెచ్చి అక్కడ అంటించబోతే, "అక్కడొద్దమ్మా, ఎడమ పక్కన పెట్టు" అని చెయ్యి అడ్డం పెట్టింది. ఆ స్టిక్కరు ఇప్పుడు ఆగిపోయింది. బుధవారం కమిటీ కూర్చుని ఇవ్వాలో వద్దో తేలుస్తుందట. ప్రయాణం సంగతి క్లబ్బు బ్లాగులో రాయడం కొత్త బండి వాళ్ళ వంతు. నాకు రాయడం రాదు, చదవడం రాదు. నేను చెబుతున్నాను, శిరీష టైపు చేస్తోంది. ఒక్క మాట మార్చినా ఊరుకోనని ముందే చెప్పాను.

ఆ రోజు నేను బండెక్కడం ఎవరూ అనుకున్నది కాదు. ప్రతి బండిలోనూ డ్రైవరు పక్కన ఒక మనిషి ఉండాలని వాళ్ళ నియమం. ఆ మనిషికి రెండు పనులు. ఒకటి, వాకీటాకీ పట్టుకోవడం. రెండు, ఎత్తయిన స్పీడు బ్రేకరు వచ్చినప్పుడు దిగిపోవడం. బరువు తగ్గితే బండి నాలుగు వేళ్ళ మేర పైకి లేస్తుంది, పొట్ట గీసుకోదు. శిరీషతో రావలసిన స్నేహితురాలికి ముందురోజు జ్వరం వచ్చింది. పిల్ల మొహం వేలాడేసుకుని కూర్చుంటే చూడలేక, "నేనొస్తాను పద" అన్నాను.

"నువ్వా మామ్మా? దిగడం ఎక్కడం నీవల్ల అవుతుందా?"

"నలభై ఏళ్ళు నెత్తిన చీరల మూట పెట్టుకుని కొత్తపేట నుంచి రాజోలు దాకా గడప గడపా ఎక్కి దిగినదాన్నే. నీ డబ్బా దిగలేనా?"

మాది బండారులంక. నేతపని చేసే ఇల్లు. ఆదివారం పొద్దున్న అయిదింటికి ఇంటి నుంచి బయల్దేరాం. అప్పటికే మా వెనక వీధిలో నేతగాడు వీర్రాజు, పడుగు ఆనించే కత్తెర కర్రలు నిలబెడుతున్నాడు. మిల్లులో గంజి పెట్టించిన నూలు తెచ్చుకునేవాళ్ళే ఎక్కువైన ఈ రోజుల్లో, వీర్రాజు ఇంకా పడుగును, అంటే చీర నిలువు పోగుల్ని, వీధి పొడవునా సాగదీసి, గంజి పెట్టి, కుంచెతో దువ్వి ఆరబెడతాడు. ఎండ ముదరకముందే ఆ పని అయిపోవాలి. ఆ వీధి గుండా మేం వెళ్ళేది లేదు కదా అని, చూసి ఊరుకున్నాను.

ఆరింటికి రావులపాలెంలో ఆరు బండ్లు చేరాయి. అందరికన్నా ముందు పసుపుపచ్చ కారు, వర్మగారిది. ఆయన రొయ్యల రైతు, క్లబ్బుకి పెద్ద. కొత్తవాళ్ళు ఆయన కంటికి ఆనాలని మా బండిని రెండోదిగా పెట్టారు. చివర నల్ల కారులో మూర్తిగారు, వరుస లెక్క చూసే మనిషి. వాకీటాకీ నా చేతికిచ్చి, "ఈ మీట నొక్కితేనే మాట వెళ్తుందండి మామ్మగారూ" అన్నారాయన. సరేనని నొక్కి పట్టుకున్నాను.

కొత్తపేట చేరేలోపే మొదటి పెద్ద స్పీడు బ్రేకరు వచ్చింది. మిగతా బండ్లలోంచి అందరూ టకటకా దిగారు. నాకు అప్పుడే ఒళ్ళు సీట్లో కుదురుకుంది. "నేను దిగను. ఎముకలు తప్ప నాలో బరువేముంది?" అన్నాను. బండి వాలుగా ఎక్కుతుంటే కింద కర్రుమంది. శిరీష నా వంక చూసింది. ఆ చూపు బాగాలేదు. తరువాతి దగ్గర దిగాను.

కొత్తపేటలో ఆరున్నరకి టిఫిను. రోడ్డు పక్కన సత్యవతి అనే ఆవిడ రేకుల షెడ్డులో పొట్టిక్కలు పెడుతుంది. పనసాకు బుట్టలో ఉడికించిన ఇడ్లీ అన్నమాట. జత నలభై రూపాయలు, కొబ్బరి పచ్చడి అడిగినంత. ఏడు దాటితే దొరకవు. ఆవిడ బండ్లను చూసి గరిట పట్టుకునే బయటికొచ్చింది.

"ఇదేంటండీ మామ్మగారూ, బండ్లన్నీ ఇలా నేలకంటుకుపోయేయి? వరదలొస్తే ఏం చేత్తారండీ?"

"వరదలొస్తే పడవెక్కుతాం. నువ్వు పచ్చడి వెయ్యి" అన్నాను.

"ఆయ్. ఆ పచ్చకారాయన మూడుసార్లు గర్రుమనిపించేరండి. మా పిల్లలు చేతులూపితే చాలు, ఆపట్లేదు."

అది నిజం. దారి పొడవునా ప్రతి ఊళ్ళోనూ జనం రోడ్డుకి రెండు పక్కలా నిలబడి ఫోన్లు పట్టుకుని చేతులు ఊపుతున్నారు. ఊపినప్పుడల్లా వర్మగారు ఇంజను గర్రుమనిపిస్తారు. పిల్లలు కేరింతలు. ఆయన కారులోంచి బొటనవేలు పైకెత్తుతారు. చూస్తే ముచ్చటగానే ఉంది. యాభై ఏళ్ళు దాటిన మనిషి మొహంలో అంత సంబరం ఈమధ్య నేను చూడలేదు.

ఏడుంపావుకి బయల్దేరాం. ముక్కామల వైపు కాలువ పక్క రోడ్డు. నేను చీరలమ్మిన ఇళ్ళన్నీ ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి. ఎవరింట్లో కోడలు గట్టిది, ఎవరు పన్నెండు చీరలు విప్పించి ఒక్కటీ తీసుకోలేదు, అన్నీ పిల్లకి చెబుతున్నాను. వర్మగారి కారు రంగు కామెర్లొచ్చిన కన్నులా ఉందన్నాను. మూర్తిగారు నవ్వితే దేవుడికి దణ్ణం పెట్టాలన్నాను. మాట వెళ్ళాలంటే మీట నొక్కాలన్నారు కదా, అందుకని రావులపాలెం నుంచి ఆ మీట వదిలితే ఒట్టు. నేను చెప్పినదంతా ఆరు బండ్లలోనూ వినబడుతోందని, నేను వదలకపోతే ఇంకెవరూ మాట్లాడలేరని నాకేం తెలుసు? కొత్తపేట దాటాక ఒక్కొక్కరే వాకీటాకీ గొంతు తగ్గించేశారట. ఆ సంగతి తరువాత తెలిసింది.

ఏడూ నలభై అయిదు ప్రాంతంలో బండారులంక దగ్గరికి వచ్చాం. కొబ్బరికాయల లారీ ఒకటి ఇరుసు విరిగి రోడ్డుకడ్డంగా కూలబడింది. ఎవరో ఊళ్ళోంచి వెళ్ళమని చెయ్యి చూపించారు. వర్మగారు ఎడమ వైపు తిప్పేశారు. ఆయన వెనక మేం, మా వెనక అందరూ. ఆ సందు ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. సొసైటీ గోడౌను దాటగానే వీర్రాజు వీధి.

వాకీటాకీలో అరిచాను. "వర్మగారూ, ఆపండి! ముందు పడుగుంది!" పలుకు లేదు. శిరీష హారను కొట్టింది. ఆయన బొటనవేలు పైకెత్తారు. దూరంగా జనం కనబడ్డారు, వీధికి రెండు పక్కలా, రెండు చేతులూ ఊపుతూ. వర్మగారు గర్రుమనిపించి ముందుకు దూకారు.

వీధి పొడవునా తడి పడుగు. దాని వెనక మూడు వారాల పని. చక్రం తగిలితే వేల పోగులు ఒక్కసారిగా చిక్కుపడతాయి, మళ్ళీ మనిషి చేతికి రావు.

"గోడౌను దగ్గర వీధి వెడల్పవుతుంది. అక్కడ కుడి పక్క నుంచి దాటెయ్యి" అన్నాను.

"వరుస తప్పకూడదు మామ్మా! స్టిక్కరు ఇవ్వరు!"

"దాటెయ్యమన్నానా!"

పిల్ల పళ్ళు బిగించి దాటేసింది. పసుపు కారు కన్నా ముందుకెళ్ళి, మా బండిని వీధికి అడ్డంగా తిప్పి ఆపేసింది. వర్మగారు బ్రేకు మీద నిలబడ్డట్టున్నారు, ఆయన బండి మా తలుపుకి జానెడు దూరంలో ఆగింది. మా అవతల తలుపుకి మూరెడు దూరంలో పడుగు. కుంచె పట్టుకుని వీర్రాజు పరుగెత్తుకొచ్చాడు.

"రెండు చేతులూ ఊపి ఆగండి బాబో అంటుంటే, గర్రుమనిపిత్తారేంటండీ!"

వర్మగారు కిందికి దిగారు. మొహం పాలిపోయింది. "ప్రతి ఊళ్ళోనూ అలాగే ఊపేరండి. సౌండు అడుగుతున్నారనుకున్నానండి."

"సౌండెందుకండీ మాకు? మగ్గం సౌండు చాలదా?"

వెనక సందు స్కూటర్లతో మూసుకుపోయింది. పడుగు ఆరేదాకా కదిపే వీలులేదు. ముప్పావుగంట ఆగాం. కంగారులో ఒకడి మోచెయ్యి తగిలి రెండు పోగులు తెగాయి. వీర్రాజు ముడివేసుకున్నాడు. నన్ను వర్మగారే చెయ్యిచ్చి లాగి దింపారు. రెండో కుంచె అందుకుని ఆ చివర నుంచి దువ్వాను. చాలా రోజులైంది, అయినా చేతులు మరిచిపోలేదు. వర్మగారు నా పక్కనే నడుస్తూ చూశారు. "ఒక్క పోగు పక్కకి పోతే ఏమవుతుందండి?" అని అడిగారు. "గుడ్డలో గీత పడుతుంది. కట్టుకున్నవాళ్ళకి తెలియదు, నేసినవాడికి నిద్ర పట్టదు" అన్నాను.

మూర్తిగారు మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డారు. "మీరు చేసింది మంచిదే మామ్మగారూ. కానీ ఊళ్ళో సందులో ఓవర్టేకు చేసేరు. ఎదురుగా ఎవరైనా సైకిలు మీద వచ్చుంటే ఏమయ్యేదండి? నియమం పెట్టింది అందుకే. నేను కమిటీకి చెప్పకుండా ఉండలేను."

ఆ మాటలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. దొరికితే వదిలేదాన్ని కాదు.

తొమ్మిదికి అమలాపురం దాటాం. బోడసకుర్రు వంతెన మీద వైనతేయ గాలి తగిలేసరికి పిల్ల కాస్త తేరుకుంది. రాజోలులో దాని ల్యాబు బయట నుంచే చూపించింది. తాళం వేసిన తలుపే, అయినా వేలు పెట్టి చూపించింది. దిండి చేరేసరికి పదిన్నర. భోజనం మనిషికి మూడువందల యాభై, చేపల పులుసు బాగుంది, ఉప్పు కాస్త ముందుకొచ్చింది. అన్నాలయ్యాక స్టిక్కర్లు ఇచ్చే వేళయింది. వర్మగారు లేచి, ఈసారి ఇవ్వడం లేదు, బుధవారం కమిటీ చూస్తుంది అని ఒక్క మాటన్నారు. శిరీష తల ఊపింది. పెరుగన్నం ఎంతసేపు కలుపుతూ కూర్చుందో నేను చూశాను.

మూడింటికి తిరుగు ప్రయాణం. బోడసకుర్రు వంతెన దిగాక వర్మగారు బండి పక్కకి తీసి ఆపారు. వాకీటాకీలో ఆయన గొంతు వినిపించింది. అప్పటికి మీట ఎప్పుడు వదలాలో నేర్చుకున్నాను. "ఇక్కణ్ణుంచి ఎర్ర బండి ముందు నడవాలండి. మామ్మగారికి దారి తెలుసు."  చివరి బండి నుంచి మూర్తిగారు, "ఆయ్, అలాగేనండి" అన్నారు.

నేను లోకం చాలా చూశానని అనుకునేదాన్ని. చూసినదంతా కాలినడకనే. ఆ రోజు అదే దారి నేలకి జానెడు ఎత్తు నుంచి చూశాను. నన్ను ఎక్కించుకుని, నా నోటికి తట్టుకుని, స్టిక్కరు పోతుందని తెలిసి కూడా నా మాట విని చక్రం తిప్పింది ఈ పిల్ల. కమిటీ వారూ, నా విన్నపం ఇంతే. మీట వదలనిది నేను, మీ చెవులు మూయించింది నేను, దాటెయ్యమన్నది నేను. నియమం ప్రకారం శిక్ష వెయ్యాలంటే పక్క సీటు మనిషికి వెయ్యండి. నన్ను జన్మలో మళ్ళీ ఎక్కించుకోవద్దని రాసుకోండి, వేలిముద్ర వేస్తాను. ఆ అద్దం మూల మాత్రం నింపండి. నిన్న కూడా దాన్ని తడిగుడ్డతో తుడుస్తోంది. ఈ మాట టైపు చేయనంటోంది. చెయ్యవే.

ఈ దారిన వచ్చేవాళ్ళకి ఒక్క మాట. పొద్దున్న ఎనిమిదిన్నర లోపు నేతగాళ్ళ ఊరి లోపలి వీధుల్లోకి బండి తిప్పకండి. తప్పనిసరైతే పక్క సీటు మనిషి దిగి ముందు నడవాలి. మీకు మనిషి లేకపోతే బండారులంకలో మా ఇంటి ముందు ఆగి ఒక్క హారను కొట్టండి. నేనే నడుస్తాను.