టీవీకి టేపు పెట్టిన టీచరమ్మ

“ఒకటి అని రాసి నాలుగిస్తవా? ఎవర్ని మోసం చేద్దామని?”

మెట్ల మీదికే వినబడింది. ఉల్లిగడ్డలవాడెవడో దొరికిపోయాడనుకున్నాను. లోపలికి వెళ్తే కౌసల్యమ్మ టీచర్ గోడకున్న టీవీతో పోట్లాడుతోంది. తెర మీద పిల్లలకు కొలతలు నేర్పే ఆన్‌లైన్ స్కేలు. దాని మీద ఆవిడ టైలర్ టేపు. తెర మీద ఒక సెంటీమీటరు, టేపు మీద నాలుగు.

“టీచర్, టీవీ పెద్దది గదా, స్కేలు గూడ పెద్దగ కనిపిస్తది,” అన్నాను.

“తక్కువిచ్చేటోడు దొంగ. ఎక్కువిచ్చేటోడు ఇంకా పెద్ద దొంగ. ఊకెనే ఎవడిస్తడు నగేశ్?”

ఆవిడ గుణం అదొక్కటే. తన చేత్తో మళ్లీ కొలిస్తే తప్ప లోకంలో ఏ కొలతనూ నమ్మదు. దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల కొట్టతను చింపిన జాకెట్టు గుడ్డను అతని బల్ల మీదే, అతని కళ్ల ముందే మళ్లీ కొలుస్తుంది. ఎల్బీనగర్ మెట్రోలో బోర్డు మీద రెండు నిమిషాలని పడితే, చేతి గడియారం కంటికి ఆనించి నిలబడుతుంది. రైలు సరిగ్గా వచ్చిందా, ఇక అయిపోయింది. “ఇంత సక్కగ ఒచ్చిందంటే ఏదో ఉన్నది,” అని ఎక్కకుండా కాసేపు ఆలోచిస్తుంది.

నన్నూ వదల్లేదు. నేను ఇంజనీరింగ్ మధ్యలో వదిలేశానని మా అమ్మ చెబితే, పైనుంచి కిందికి చూసి, “నువ్వు ఒదిలినవా, వాళ్లు ఒదిలిన్రా?” అంది. అయినా పని ఇచ్చింది. సర్కారు బడిలో రిటైరయ్యాక ఇంట్లోనే సాయంత్రం ట్యూషన్ చెబుతోంది. టీవీకి ల్యాప్‌టాప్ తగిలించి గడియారం ఆట పెట్టడం నా వంతు. పిల్లలు మౌస్‌తో ముళ్లు జరిపి, అడిగిన టైము పెట్టాలి. సరిగ్గా పెడితే చప్పట్లు, తప్పు పెడితే బుయ్‌మని మోత.

రెండో తరగతి రాణిని పావు తక్కువ నాలుగు పెట్టమంటే, చిన్న ముల్లును నాలుగు దాటించి నాలుగు ముప్పావు పెట్టేది. బుయ్!

వెంటనే టీచర్ లేచేది. “గడియారం కరాబైంది! నగేశ్, బంద్ చెయ్యి. నువ్వు రా బిడ్డా, మన గడియారంల చూద్దం.” గోడ గడియారం దించి రాణి ఒళ్లో పెట్టేది.

రోజూ ఇదే తంతు. నాకు అనుమానం పట్టుకుంది. అసలు ఈవిడకు టైము చూడ్డం వచ్చా? లేక ఆటను బద్నాం చేసి నన్ను సాగనంపే ఎత్తా?

ఒకరోజు శైలేందర్ అనే ఇంకో పిల్లాడు తప్పు పెట్టాడు. బుయ్!

“కండ్లు యాడ పెట్టినవ్‌రా?” అని టీచర్ వాడి మీద లేచింది.

శైలేందర్ తప్పు శైలేందర్‌దే. రాణి తప్పు మాత్రం గడియారానిది!

పిల్లలు వెళ్లాక మొహం మీదే అడిగేశాను. “గడియారం మంచిగనే ఉన్నది టీచర్. అబద్ధాలు చెప్తున్నది మీరే.”

ఆవిడ తలుపు పడిందో లేదో చూసింది. నమ్మకం లేక మళ్లీ చూసింది.

“నెలాఖరుకు రాణికి టైము చెప్పరాకపోతే వాళ్ల నాయన ట్యూషన్ బంద్ చేయిస్తడంట. బడిల ఆల్రెడీ నవ్విన్రు. గా బుయ్ ఇంటే పోరి చెయ్యి ఒణుకుతది. ఒణికే చేతికి ముల్లు యాడ ఆగుతది?”

“సౌండ్ బంద్ చేయమంటే చేస్తుంటి గదా?”

“గప్పుడు చప్పట్లు గూడ బందైతయి గదరా!”

నేను ల్యాప్‌టాప్ మూసేశాను.

“ఒళ్ల గడియారం పెట్టుకుంటే ఇప్పుడు మంచిగనే చెప్తున్నది,” అంది టేపు చుట్టుకుంటూ. “ఇగ గీ టీవీ భయమే పోవాలె. ఒక పని చేస్తవా?”

“చెప్పుండ్రి.”

“రేపు ముందుగాల నిన్ను అడుగుత, పావు తక్కువ నాలుగు. నువ్వు తప్పు పెట్టాలె. బుయ్ నీకు పడాలె. రాణిని పిలిచి దిద్దమంట.”

“తప్పు పెట్టుడు నాకు కొత్తనా టీచర్?”

“కొత్త గాదు. అందుకే చెప్తున్న. టక్కున పెట్టేస్తవ్, జర తడుముకుంట పెట్టు నాయనా, ఎవ్వరికీ అనుమానం రావొద్దు.”