గేటు తెరవకముందే కారు పంపేశాను: హన్మకొండ నుంచి గండికోట

గండికోట నుంచి తిరిగి వస్తుండగా ఓబులేసు అనే డ్రైవరు నన్నూ, మా ఆడపడుచు కౌసల్యనూ కడప విమానాశ్రయం గేటు ముందు మండుటెండలో దింపి పారిపోయాడని హన్మకొండలో చెప్పుకుంటున్నారు. ఉదయం కాలేజీ మైదానంలో నడిచేటప్పుడు, "అక్కా, గసొంటోన్ని ఇడిచిపెట్టద్దు" అని నాకు ధైర్యం చెప్పినవారు కూడా ఉన్నారు. ఆ మాట నిజం కాదు. అతను పారిపోలేదు, నేనే పొమ్మన్నాను. ఇది తెలిసి కూడా పదకొండు రోజులు నోరు విప్పలేదు. చిన్న విమానాశ్రయాల మీదుగా ప్రయాణం పెట్టుకునేవారికి పనికొస్తుందని ఇప్పుడు మొదటి నుంచి రాస్తున్నాను.

జూనియర్ కాలేజీలో ఇరవై ఎనిమిదేళ్ళు భూగోళశాస్త్రం చెప్పాను. గండికోట దగ్గర పెన్నా నది కొండను కోసుకుంటూ పారే లోయ గురించి ఏటా నల్లబల్ల మీద బొమ్మ గీసి వివరించేదాన్ని గానీ, ఎన్నడూ చూడలేదు. డెబ్బై మూడేళ్ళు నిండాక, ఇక ఆలస్యం చేయకూడదనిపించింది. ఖిలా వరంగల్‌లో కోటగోడ పక్కనే కాపురముంటున్న కౌసల్య, "నేను సుత వస్త వదినె, ఇంకో కోట ఎట్లుంటదో సూస్త" అంది. ఎనుమాముల మార్కెట్లో మిర్చి వ్యాపారం చేసే ఆమె కొడుకు శ్రీధర్, ఏజెంటుతో ఏర్పాట్లు చేయిస్తానన్నాడు. నేను ఒప్పుకోలేదు. పటం చదవడం ఊరందరి పిల్లలకూ నేర్పినదాన్ని, నా ప్రయాణానికి ఏజెంటు ఎందుకన్నాను.

వరంగల్ పక్కనే ఉన్న మామునూరులో విమానం ఎక్కే రోజు ఇంకా రాలేదు కనుక మనకు శంషాబాదే దిక్కు. విమానం పదకొండు నలభైకి. మేం హన్మకొండలో తెల్లవారుజామున నాలుగింటికి కారులో బయలుదేరి, రింగు రోడ్డు మీదుగా ఏడుంబావుకు చేరాం. టోలుతో కలిపి నాలుగు వేలయింది. ఖర్చు తగ్గాలంటే కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాదులో దిగి, అక్కడి నుంచి ఎయిర్‌పోర్టు బస్సులో వెళ్ళవచ్చు. అయితే రైలు ఆలస్యమైతే విమానం ఆగదు, కనీసం మూడు గంటల వ్యవధి ఉంచుకోండి. కడపకు గాలిలో గంట ప్రయాణం. విమానం అన్ని రోజులూ ఉండదు, వేళలూ మారుతుంటాయి. దిగిన ఇరవై నిమిషాల్లో ప్రయాణికులంతా ఎవరి బండి వారు ఎక్కి వెళ్ళిపోయారు. ముందుగా బండి మాట్లాడుకోనివారికి అక్కడ వాహనం దొరకడం కష్టం. మాకోసం గండికోటలోని లాడ్జివారు పంపిన ఓబులేసు, నా పేరు రాసిన అట్టముక్క పట్టుకొని నిలబడ్డాడు. రెండు రోజులకు కారు ఆరువేల ఐదువందలు. గండికోటకు రెండు గంటల దారి.

లోయను రెండు పూటలా చూశాను. సాయంత్రం ఎర్రరాయి మీద ఎండ వాలుతుంటే, ఇన్నాళ్ళూ సుద్దముక్కతో గీసిన గీత ఎంత పేదదో అర్థమైంది. కౌసల్య మాత్రం అంచుకు దూరంగా కూర్చుని, "మన ఖిలా నయం వదినె, పడితె లేస్తం. గీడ పడితె ఎతుకుడే" అంది. ఓబులేసు పగలబడి నవ్వాడు.

ఆ సాయంత్రమే అతను నాతో, "రేపు మూడూ ఇరవైకి గదమ్మా విమానం? పన్నెండుకు కదిల్తే సాలు" అన్నాడు. రైలుకు గంట ముందు, విమానానికి నాలుగు గంటల ముందు చేరడం నా నియమం. ఎనిమిదింటికే బయలుదేరాలన్నాను. "అంత పొద్దున్నే పోతే ఆ ఎయిర్‌పోర్టు తెరిసుండదమ్మా" అన్నాడు. శంషాబాదులో ఎన్ని గంటలైనా కూర్చోవడానికి చోటుంటుంది, ఇతనికేం తెలుసు అనుకున్నాను. మధ్యలో ఇంకో కిరాయికి పోవాలని చూస్తున్నాడేమోనని అనుమానించాను కూడా.

పది గంటలకు చేరాం. గేటు మూసి ఉంది. ఆ రోజు అక్కడి నుంచి మాది ఒక్కటే విమానమనీ, ఒకటిన్నరకు గానీ లోపలికి పంపమనీ కాపలా జవాను మర్యాదగానే చెప్పాడు. ఓబులేసు నన్ను ఎత్తిపొడవలేదు.

"బండ్లో కూచోండమ్మా, ఏసీ ఏస్తా. లేదంటే కడపలోకి పోయి అన్నం తినొద్దాం."

"వెయిటింగుకు ఎంత తీసుకుంటారు?" అని అడిగాను.

"మీకు తోసింది ఇయ్యండి."

ఆ జవాబుతో నా అనుమానం గట్టిపడింది. ధర చెప్పనివాడు చివర్లో ఎక్కువ అడుగుతాడని నా నమ్మకం. అంతకన్నా, ముందురోజు అతను చెప్పిందే నిజమైందన్న ఉక్రోషం లోపల ఉంది. సామాను దింపమన్నాను.

"వదినె, జర కార్ల కూసుందామే. ఈ ఎండకు నా పానం ఆగమైతాంది" అని కౌసల్య నా కొంగు పట్టుకుంది.

"ఆయమ్మకు సుగరుండాదంటిరి గదమ్మా. ఈడ నీడ గూడా లేదు" అన్నాడు అతను.

"మా బాగోగులు మాకు తెలుసు. మీ ఎత్తులు కూడా నాకు తెలుసు. మీరు వెళ్ళండి" అన్నాను. సరిగ్గా ఈ మాటలే. అతని ముఖం చిన్నబోయింది. రెండు నీళ్ళ సీసాలు తెచ్చి పెట్టె మీద ఉంచి, వెళ్ళిపోయాడు.

ఆ తొందరలో మా అన్నం సంచి కారులోనే ఉండిపోయింది. కౌసల్య ఉదయం మాత్ర వేసుకుని రెండు ఇడ్లీలు తిన్నది, అంతే. గంటన్నర గడిచేసరికి ఆమెకు చెమటలు పట్టాయి, మాట తడబడింది. ఫోను తీసి ఎవరికి చేయాలో నాకు తోచలేదు. ఓబులేసు నంబరు కళ్ళ ముందే ఉంది. నొక్కలేకపోయాను. ఆ నాలుగైదు నిమిషాలు నేనెందుకు ఆగానో నాకు తెలుసు, రాయడానికి సిగ్గుగా ఉంది. ఇంతలో అతని కారే ఎదురుగా వచ్చింది. సంచి చూసుకుని, ఇద్దామని తిరిగొచ్చాడట. జవాను, అతను కలిసి కౌసల్యను ఎత్తి కారులో పడుకోబెట్టారు. కడపలో ఒక చిన్న దవాఖానలో, చక్కెర పడిపోయిందని చెప్పి గ్లూకోజు ఎక్కించారు.

కౌసల్య తేరుకుంటుండగా శ్రీధర్ ఫోను చేశాడు. దవాఖాన అని వినగానే కేకలు వేశాడు. "డ్రైవరు గేటు కాడ దింపి పోయిండురా, ఎండకు కండ్లు తిరిగినయి. వదినె లేకుంటె నేను లేకపోదును" అంది కౌసల్య. నన్ను కాపాడాలని అన్న మాట అది. నేను మంచం పక్కనే కూర్చున్నాను. చేయి చాస్తే ఫోను అందేది. తల ఎత్తి చూస్తే గుమ్మంలో ఓబులేసు, చేతిలో కొబ్బరినీళ్ళు. విన్నాడో లేదో నాకు తెలియదు, అడిగే ముఖం నాకు లేదు. "డాక్టరు సరేనన్నాడమ్మా. ఒకటిన్నరకు గేటు కాడుంటే సాలు, పోదామా?" అని మాత్రం అన్నాడు. ఆ విమానం మాకు దొరికిందంటే అతని వల్లనే.

శంషాబాదులో మమ్మల్ని ఎక్కించుకునేటప్పటికే శ్రీధర్, వరంగల్ యాత్రికుల వాట్సాప్ గ్రూపులో ఓబులేసు పేరు, బండి నంబరు పెట్టేశాడు. లాడ్జికి ఫోను చేసి ఫిర్యాదూ చేశాడు. "అసొంటోని అన్నం బంద్ కావాలె అత్తమ్మా" అన్నాడు. అప్పుడైనా చెప్పవలసింది. కానీ నిజం తెలిస్తే, ఈ వయసులో ఈమెను ఒంటరిగా తిరగనివ్వకూడదని ఇంట్లో తేల్చేస్తారు. నా కాళ్ళ మీద నేను తిరగడం కోసం ఇంకొకరి బతుకుతెరువు మీద నిలబడ్డాను.

పదకొండో రోజు ఓబులేసుకు ఫోను చేశాను. మొదట, "ఆయమ్మ బాగుండాదా?" అని అడిగాడు. లాడ్జివాళ్ళు కిరాయిలు ఇవ్వడం మానేశారని, నేను గుచ్చి గుచ్చి అడిగితే గానీ చెప్పలేదు. "ఏం కాదులేమ్మా, పెండ్లిళ్ళ కిరాయిలు ఏవన్నా దొరుకుతాయి" అన్నాడు. లాడ్జి మేనేజరుకు ఫోను చేస్తే, ఫోన్లో ఎవరైనా ఏదైనా చెప్పగలరనీ, ఆ రోజు కారులో ప్రయాణించినవారే ఎదురుగా వచ్చి చెబితే ఆలోచిస్తామనీ అన్నాడు. అతన్ని తప్పు పట్టలేను. అతని కిరాయిలు పోయిన సంగతీ, నిజం బయటపెట్టాలనుకుంటున్న సంగతీ కౌసల్యకు చెప్పాను. "ఇప్పుడు చెప్తె నీ ఇజ్జత్ ఏంగావాలె వదినె? ఆ పిలగానికి ఏదన్న పంపిద్దాం తియ్యి" అంది.

ఎవరి సాయమూ అడగకుండా బతకడాన్ని గౌరవమనుకుంటూ ఇన్నేళ్ళు గడిపాను. అడగకుండానే అందిన సాయాన్ని ఎత్తు అనుకోవడం ఎప్పుడు అలవాటైందో గమనించుకోలేదు. మీ ప్రయాణానికి చెప్పవలసిన జాగ్రత్త ఒక్కటే: చిన్న విమానాశ్రయానికి బయలుదేరే ముందురోజే, ఆ రోజు గేటు ఎన్నింటికి తీస్తారో ఫోను చేసి కనుక్కోండి, మీరు లోపలికి అడుగుపెట్టే దాకా బండిని పంపేయకండి.

శ్రీధర్ పెట్టిన మాట కిందనే, జరిగినదంతా నా పేరుతో ఈ ఉదయం గ్రూపులో రాశాను. సోమవారం కడప విమానానికి ఒక టికెట్టు తీసుకున్నాను. గండికోటకు వేరే కారు మాట్లాడుకున్నాను. క్షమాపణ చెప్పడానికి వెళుతూ ఓబులేసునే తీసుకుపొమ్మని అడగడానికి మనసొప్పలేదు. ముందు మేనేజరు ఎదుట చెబుతాను, ఆ తర్వాత అతని ఇంటికి వెళతాను. ఇంట్లో ఎవరినీ అడగలేదు. నేను మళ్ళీ వెళుతున్నానని కౌసల్యకు కూడా ఇది చదివాకే తెలుస్తుంది.