పచ్చబడిన ప్రోగ్రాం

బస్సుల కంపెనీ కంప్యూటర్ విభాగంలో ఆయన్ని అందరూ కొలతలాయన అనేవారు. ఇంట్లోకి కొత్త పరుపొచ్చినా టేపుతో కొలిచిగానీ పడుకోడు. "నిద్రపట్టేదీ లేనిదీ టేపు చెప్తుందా అండీ?" అనేది భార్య.

ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారానికి రావాలో చెప్పే ప్రోగ్రాం ముసలిదైపోయింది. రాసినవాళ్లలో కొందరు రిటైరయ్యారు, మిగతావాళ్లు రాసిందే మర్చిపోయారు. అప్పుడప్పుడు రెండు బస్సులు ఒకే చోటికొచ్చి సవతుల్లా ఎదురుపడేవి. మొత్తం ఒకేసారి తిరగరాయడం అయ్యేపని కాదు. ఏ ముక్కతో మొదలెట్టాలో తేల్చమని పెద్దసారు ఈయనకి అప్పజెప్పాడు.

కోడ్‌లో చిక్కుముళ్లు కొలిచే సాధనమొకటి తెచ్చాడాయన. చిక్కుపడ్డ ముక్క ఎర్రగా, సాఫీగా ఉన్నది పచ్చగా కనిపిస్తుంది. తెరంతా తట్టు పోసినట్టు ఎర్రబడింది. పెద్దసారు గుండె పట్టుకున్నాడు.

"నెలాఖరుకల్లా అంతా పచ్చగా ఉండాలయ్యా!"

"థర్మామీటర్ని చన్నీళ్లలో ముంచితే జ్వరం తగ్గుతుందా సార్?"

"ముందు ముంచవయ్యా, తర్వాత చూద్దాం."

ప్రోగ్రామర్లు గడుసువాళ్లు. పెద్ద ముక్కల్ని చిన్నచిన్న ముక్కలుగా నరికేశారు. ఒకటి ఇంకోదానికి చెప్తుంది, అది మరోదానికి. పని ఎవరు చేస్తున్నారో తెలీదు, అచ్చం ఆఫీసులాగే. తెర పచ్చబడింది, కేకు కోశారు. పైన పటారం, లోన లొటారం. ఆ సాయంత్రమే మూడు బస్సులు ఒకే ప్లాట్‌ఫారం మీదికొచ్చాయి.

కొలతలాయన ఇంటికొచ్చి కూలబడ్డాడు. భార్య పళ్ల డాక్టరు. "వంకరగా ఉన్న పళ్లన్నీ పీకేస్తామా? మాటిమాటికీ సలిపే పన్నుని ముందు చూస్తాం," అంది.

మర్నాడు ఏ ముక్క ఎంత తరచుగా రిపేరుకొచ్చిందో లెక్క తీసి, చిక్కుల లెక్కతో పోల్చి చూశాడు. మొదటిసారి కొలిచినప్పుడు అన్నిటికంటే ఎర్రగా ఉన్నది ఎప్పుడో ఎత్తేసిన రూటుది. దాని జోలికి పోయినవాడే లేడు. మొదట్నుంచీ పచ్చగా, బుద్ధిమంతురాలిలా కూర్చున్న సెలవురోజుల టైంటేబుల్‌కి మాత్రం వారం వారం అతుకులే. దాన్ని తిరగరాశాడు. సెలవురోజున బస్టాండుకెళ్లి నించున్నాడు. ఏ బస్సు చోటికి ఆ బస్సే వచ్చింది. ఒక డ్రైవరు నమ్మలేక, కిందికి దిగి బోర్డు చదువుకున్నాడు. కొలతలాయన కళ్లు చెమర్చాయి.

పెద్దసారు పొంగిపోయి సర్క్యులర్ పంపాడు: రిపేర్లు ఎక్కువున్నవాళ్లకి ఇకమీదట ప్రమోషన్ లేదు. అంతే, తప్పులు ఎక్కడివక్కడే ఉన్నాయి, రిపేర్లు మాత్రం బందయ్యాయి. రిపోర్టు చూసి పైవాళ్లు పెద్దసారుకి శాలువా కప్పారు.

కొలతలాయన ఇంకో ముక్క అందుకున్నాడు.

"దీన్నెలా ఎంచుకున్నావయ్యా?" అన్నాడు పెద్దసారు, ఇంకో సర్క్యులర్‌కి పెన్ను తీస్తూ.

"ఏదో, మనసుకి తోచింది సార్."