కొబ్బరినూనె పూసిన బెంచీలు

ఒక్క ఇంగ్లీషు మాట మోజులో పడి, ఆదివారం ఆరాధనకు తెల్లబట్టల్లో వచ్చిన సంఘం మొత్తాన్ని నూనెలో ముంచిన ఘనుణ్ణి నేను. అందులో నన్ను చూసుకోవడానికి వచ్చిన ఆడపిల్లవాళ్లూ ఉన్నారు. నవ్వుకోండి, ఫరవాలేదు. మా ఊరు ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

ఆ మాట స్మూత్. తొంభైల చివర్లో డిగ్రీ అవగొట్టి, పలాసలో ఒక మేడ మీద స్పోకెన్ ఇంగ్లీషుకు వెళ్లేవాణ్ణి. చేత్తో తడిమితే గరుకు తగలకపోతే స్మూత్ అని చెప్పారు మాస్టారు. కుదుపుల్లేని ప్రయాణమూ స్మూతే, తగవుల్లేకుండా జరిగిపోయిన పెళ్లీ స్మూతే. మనిషిని అలా అనేటప్పుడు మాత్రం జాగ్రత్త, తియ్యగా మాట్లాడి పని కానిచ్చుకునే రకమనే అర్థం కూడా ఉందన్నారు. ఆ హెచ్చరిక నా చెవికెక్కలేదు. పొట్టు తీసిన జీడిపప్పు స్మూత్ అనేవాణ్ణి. టెక్కలి రోడ్డు స్మూత్ అనేవాణ్ణి, అది పచ్చి అబద్ధమే అయినా. అమ్మ కాచిన అంబలి కూడా స్మూతే.

"ఏటిరా ఆ సుమూతు? గొంతుకి ఏటైనా అడ్డం పడిందేటి?" అనేది అమ్మ.

అప్పుడే కవిటి దగ్గరి మా ఊరి చర్చికి కొబ్బరి చెక్కతో కొత్త బెంచీలు చేయించారు. కొబ్బరి చెక్క సంగతి మా ఉద్దానం వాళ్లకు కొత్త కాదు. ఎంత చిత్రిక పట్టినా పేళ్లు లేచి, కూర్చున్నవాళ్ల చీరలు పట్టుకుంటుంది. సరిగ్గా ఆ వారమే కోటబొమ్మాళి నుంచి సంబంధం వాళ్లు వస్తున్నారని కబురు వచ్చింది. మాలో ముందు ఆరాధన, తర్వాత భోజనాలు, ఆ తర్వాతే పెళ్లి మాటలు. వచ్చే పిల్ల చీర చిరిగితే నా గతేంటి? శనివారం సాయంత్రం ఉప్పుకాగితంతో బెంచీలన్నీ రుద్దాను. వార్నిషు వేద్దామంటే తెల్లారేసరికి ఆరదు. ఇంట్లో చూస్తే డబ్బా నిండా కొబ్బరినూనె ఉంది. అది చర్చికి తెచ్చి పూయడం మొదలుపెట్టాను.

"బెంచీలకి తలంటుతున్నావేటిరా?" అంది అమ్మ చర్చి గుమ్మంలోంచి.

"స్మూత్ అవుతాయమ్మా."

"అవుతాయి గానీ, ఆరతాదా అది?"

"చెక్క పీల్చేసుకుంటుందిలే."

చెక్క ఏమీ పీల్చుకోలేదు. జనవరి చలికి నూనె పేరుకుపోయింది, అంతే. పొద్దున్నే చెయ్యి వేసి చూస్తే సుతారంగా జారింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. పాస్టరయ్యగారి కుర్చీకైతే గౌరవం కొద్దీ రెండు పూతలు వేశాను.

ఆడపిల్లవాళ్లు వచ్చారు. అమ్మాయి పేరు సువార్త. మెట్ల దగ్గర చెప్పులు విడుస్తూ ఒక్కసారి తలెత్తి చూసింది. ఆ చూపుతోనే నాకు నచ్చేసింది. ఈ సంబంధం తప్పిపోతే ఇంక బతకడం ఎందుకనుకున్నాను.

అమ్మ ఊరుకుంటుందా? "సూడండి అన్నియ్యా, ఈ బెంచీలన్నీ మా గుంటడే ఒక్కడూ కూకొని నున్నగా సేసీసినాడు" అంది సువార్త తండ్రితో.

ఆయన బెంచీ తడిమి, "పనిమంతుడే" అన్నారు.

"వెరీ స్మూత్, అంకుల్" అన్నాను. ఆ క్షణాన ఎవరైనా నా నోరు నొక్కేసి ఉంటే ఎంత మేలయ్యేదో.

జనం నిండారు. కిటికీల్లోంచి ఎండ పడి, పేరుకున్న నూనె కరగసాగింది. ప్రసంగం సాగేకొద్దీ కాబోయే మావగారు ముందుకు జారుతున్నారు. కాళ్లు తన్నిపెట్టి వెనక్కి సర్దుకుంటున్నారు, మళ్లీ జారుతున్నారు. అంతలో పాటకు నిలబడమన్నారు అయ్యగారు.

అందరూ లేచారు. వెనక వరసలో ఉన్న నాకు సర్వం కనబడింది. తెల్ల పంచెల మీద, తెల్ల చీరల మీద చాటలంత మరకలు, చెక్క రంగుతో సహా దిగి ఉన్నాయి. తమాషా ఏమిటంటే, ఎవరికీ తమ మరక తెలియదు. ముందున్నవాళ్లది చూసి, పాపం అనుకుంటూ, పెదవులు బిగించి పాడుతున్నారు. అంత కష్టపడి పాడిన పాట మా చర్చిలో నేనెన్నడూ వినలేదు. చివరికి కానుకల పళ్లెం అందుకోవడానికి అయ్యగారు వెనక్కి తిరిగారు. రెండు పూతల మహిమ అందరికీ కనబడింది. చర్చంతా గొల్లుమంది. ఆ నవ్వులో ఎవరో తమ పంచె తడుముకున్నారు. పక్కవాళ్లూ తడుముకున్నారు. నవ్వు టక్కున ఆగిపోయింది.

సువార్త తండ్రి మెల్లిగా అమ్మ వైపు తిరిగారు. "ఎవుడు సేసినాడో అడగక్కర్లేదు గదా సెల్లెమ్మా. నువ్వే సెప్పీసినావు."

"ఓలమ్మో!" అని అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"సంబందం మాట తరవాత. ఈ పంచితో నేను బస్సెక్కీది ఎలాగ? ముందు అది సెప్పండి."

ఆయనకు నా పూల లుంగీ ఇచ్చి అరుగు మీద కూర్చోబెట్టాం. సువార్తకూ వాళ్లమ్మకూ అమ్మ చీరలిచ్చింది. నేను సిగ్గుతో చచ్చిపోతూ, నూతి దగ్గర వేడినీళ్లు, కుంకుడు రసం పెట్టుకుని ఉతకడం మొదలుపెట్టాను. కాసేపటికి సువార్త వచ్చి నిలబడింది.

"ఆ మూల ఇంకా ఉందండీ. గట్టిగా రుద్దండి."

రుద్దాను.

"ఉతకడం ఎక్కడ నేర్సుకున్నారు?"

"ఇప్పుడే, ఇక్కడే."

ఆమె పక్కున నవ్వింది. నాకు కాస్త ప్రాణం లేచివచ్చింది.

సాయంత్రం బట్టలు ఆరాయి. ఆయన పంచె కట్టుకుంటూ, "ఎల్లిపోదుం పదండి. బెంచీకి నూని రాసినోడికి పిల్లనిత్తామేటి? ఈ సంబందం మనకొద్దు" అన్నారు. నేను గోడకు అంటుకుపోయాను.

"నాన్నా," అంది సువార్త, "పెళ్లి కాకముందే మావ పంచి ఉతికినోడు ఇంకెక్కడ దొరుకుతాడు? ఒకపాలి సూసుకో ముందు."

ఆయన మెడ వెనక్కి తిప్పి, పంచె వెనక భాగం ఎండకు పట్టి చూసుకున్నారు. చాలాసేపు చూశారు.

"మరకైతే పోనాది" అని ఒప్పుకున్నారు.

అందుచేత, చదువరులారా, మీ అందరి ఎదుటా నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను. మనిషన్నవాడు కూర్చునే ఏ వస్తువుకీ ఈ జన్మలో మళ్లీ నూనె పూయను. ఇన్నేళ్లూ పూయలేదు కూడా. ఉతకడం కూడా మానేస్తానని ఇంకో ప్రమాణం చేయబోయాను గానీ, సువార్త ఒప్పుకోలేదు.