బార్సిలోనాలో నేను పట్టుకున్న దొంగ

మా బావ మురళి ఫ్రిస్కోలో వాళ్లింట్లో పండగ భోజనాల దగ్గర పన్నెండు మంది ముందు అన్న మాటలు నాకింకా గుర్తున్నాయి. ఎవరెవరు నవ్వారో, ఎవరు ఎక్కువసేపు నవ్వారో కూడా గుర్తుంది. బార్సిలోనా ఎందుకు వెళ్లారని అడిగిన వాళ్లకు కట్టడాలు చూడటానికని చెబుతూ వచ్చాను గానీ, ఆ ప్రయాణం మొదలైంది ఆ భోజనాల దగ్గరే.

సంగతి ఇది. 2009లో మా చెల్లెలు పద్మ, ఆమె భర్త మురళి న్యూయార్క్ చూడటానికి జెర్సీ సిటీలో మా ఇంటికి వచ్చారు. టైమ్స్ స్క్వేర్‌లో కాషాయం కట్టుకున్న ఒకతను ఎదురొచ్చి నా చేతికి పూసల దండ తొడిగాడు. నేను నడిరోడ్డు మీద బూట్లు విప్పి, వంగి, అతని పాదాలంటి, నలభై డాలర్లు దక్షిణ ఇచ్చాను. వీధి చివర అదే మనిషి సిగరెట్టు కాలుస్తూ ఇంకొకరి చేతికి దండ తొడగడం మా ఆవిడతో సహా నలుగురం కలిసే చూశాం. ఆ ఏడాది థాంక్స్‌గివింగ్‌కి ఫ్రిస్కో వెళితే మురళి నేను వంగిన తీరు అభినయించి చూపించాడు. "మా బావకి కాషాయం కనబడితే చాలు, ముందు నడుం వంగుద్ది, తర్వాత పర్సు వంగుద్ది" అన్నాడు. పద్మ కూడా నవ్వింది.

అందుకే 2013 అక్టోబరులో నాలుగు రోజుల సెలవు దొరికినప్పుడు, జేబుదొంగలకు పేరుపడ్డ ఊరే ఎంచుకున్నాను. అక్కడికి వెళ్లి, ఒక్క పైసా పోకుండా తిరిగివచ్చి, ఆ మాట మురళికి చెప్పాలి. ఇదీ నా కోరిక.

మన పాస్‌పోర్టు ఉన్నవాళ్లు యూరప్‌కి వీసా తీసుకోవాలి, కనీసం రెండు నెలల ముందు మొదలుపెట్టండి. నేను మూడు వారాలు మోసాల మీదే చదివాను. ఉంగరం దొరికిందంటూ వచ్చేవాళ్లు, సంతకాలు పెట్టమని అట్ట పట్టుకొచ్చేవాళ్లు, ఫుట్‌బాల్ ఆడదామని కాళ్లకు అడ్డం పడేవాళ్లు. అన్నిటికన్నా నాకు బాగా మనసులో నాటుకున్నది మరక మోసం. ఎవరో మీ వీపు మీద సాసు చల్లుతారు. ఇంకెవరో దయగా వచ్చి మరకైందని చూపించి, తుడుస్తామంటూ జేబు ఖాళీ చేస్తారు. నా భార్య సునీత చేత నా ప్యాంటు లోపల గుడ్డ సంచి కుట్టించి, పాస్‌పోర్టులు, హెచ్-వన్ కాగితాలు అందులో పెట్టాను. గ్రీన్‌కార్డు ఫైలు నడుస్తోంది. కాగితం ఒక్కటి పోతే తిరిగి ఎప్పుడు వస్తామో తెలియదు.

మంగళవారం మధ్యాహ్నం రెండున్నరకు ఇంట్లో బయల్దేరి, రెండు రైళ్లు మారి నూవర్క్ ఎయిర్‌పోర్టు చేరాం. ఆరూ నలభైకి విమానం. పెట్టెలో పద్మ ఫ్రిస్కో నుంచి పార్సిల్ పంపిన చిన్న ఆవకాయ సీసా ఉంది. మేం శాకాహారులం. బ్రెడ్డు ఎక్కడైనా దొరుకుతుంది, ఆవకాయ ఉంటే మూడు రోజులు గడిచిపోతాయి. నా పక్క సీటులో హోబోకెన్‌లో ఉద్యోగం చేసే స్పెయిన్ ఆయన కూర్చున్నాడు. నేను కాసేపటికొకసారి నడుం తడుముకోవడం గమనించి, "మీరు మా ఊరు చూస్తారా, మీ నడుమే చూసుకుంటారా?" అని అడిగాడు. అది నాకు నచ్చలేదు. తర్వాత ఆయనతో మాట్లాడలేదు.

బుధవారం పొద్దున ఎనిమిదీ పదికి దిగాం. ఎయిర్‌పోర్టు నుంచి ఊరి నడిబొడ్డుకు బస్సుంది, మనిషికి ఆరు యూరోల లోపే. మా హోటల్ అక్కడికి పది నిమిషాల నడక. చిన్న గది, శుభ్రంగా ఉంది. మెట్రోకి పది ప్రయాణాల కార్డు ఒకటి కొంటే ఇద్దరూ వాడుకోవచ్చు, మీరూ అదే కొనండి. సగ్రాదా ఫామిలియా చర్చికి టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకున్నాం, లేకపోతే వరుసలోనే పూటంతా పోయేది. లోపల రంగుటద్దాల వెలుగు నేలమీద పరుచుకుని ఉంటే సునీత తల ఎత్తి చూస్తూ నిలబడింది. నేను ఆమె హ్యాండ్‌బ్యాగు పట్టుకుని నిలబడ్డాను.

రెండు రోజులూ ఏమీ జరగలేదు. బీచి దగ్గర ఒకామె అట్ట పట్టుకుని వస్తే దూరం నుంచే చెయ్యి అడ్డం పెట్టాను. మెట్రోలో బ్యాక్‌ప్యాక్ తీసి ఛాతీ మీద తగిలించుకునేవాణ్ని. "చంటిపిల్లాణ్ని మోసినట్టు మోస్తున్నారు, జోల కూడా పాడండి" అంది సునీత.

శుక్రవారం, మా ఆఖరి రోజు, కొండమీది గ్వెల్ పార్కుకు వెళ్లాం. మధ్యాహ్నం అక్కడే బెంచీ మీద బ్రెడ్డూ ఆవకాయా తిన్నాం. మిగిలింది ఆ సీసాతోనే బ్యాగులో పెట్టుకున్నాం. దిగేటప్పుడు బ్యాగు వీపున ఉంది. నేను లేత గోధుమరంగు జాకెట్ వేసుకున్నాను, తెచ్చుకున్నది అదొక్కటే. మెట్రో ఎక్కే ముందు బ్యాగు తీసి, ఎదురుగా చేత్తో పట్టుకున్నాను.

నాలుగూ ఇరవైకి మెట్రో దిగి పైకి వచ్చాం. సిగ్నల్ దగ్గర ఆగాం. వెనక నుంచి ఎవరో భుజం మీద తట్టారు. తిరిగితే యాభై ఏళ్లు దాటిన పొట్టి ఆడమనిషి, చేతిలో కూరగాయల సంచి. నా వీపు చూపిస్తూ స్పానిష్‌లో ఏదో చెబుతోంది. జాకెట్ అంచు లాగి చూస్తే ఎర్రగా, జిడ్డుగా అరచేయంత మరక. ఆమె సంచిలోంచి కాగితపు రుమాళ్ల ప్యాకెట్టు తీసింది.

నేను మూడు వారాలు చదివినదంతా కళ్ల ముందుకొచ్చింది. ఆమె మణికట్టు పట్టుకుని "థీఫ్, పోలీస్" అని అరిచాను. ఆమె సంచి జారి టమోటాలు రోడ్డు మీద దొర్లాయి. ఆమె విడిపించుకోవాలని కూడా చూడలేదు, నా మొహంలోకి చూస్తూ నిలబడిపోయింది. జనం మూగారు. మలుపులో ఉన్న పోలీసులిద్దరు వచ్చారు. అందులో ఇంగ్లీషు వచ్చిన ఆఫీసరమ్మ అడిగింది: "ఈమె చెయ్యి మీ జేబులో పెట్టడం మీరు చూశారా?"

చూడలేదు. కానీ అప్పటికి అరిచేశాను. చుట్టూ ఇరవై మంది ఉన్నారు. వాళ్ల మొహాల్లో నాకు ఫ్రిస్కో భోజనాల బల్ల కనబడింది.

"చూశాను" అన్నాను.

సునీత నా వైపు చూసింది.

పోలీసులు అడిగితే ఆమె పర్సులోంచి ప్లాస్టిక్ కవరులో పెట్టిన కాగితం తీసి ఇచ్చింది. నాలుగు మడతలు పడి, మడతల దగ్గర చిరిగి ఉంది. నేను చూశాను. మనం వీసా ఎక్స్‌టెన్షన్‌కి వేసినప్పుడు వచ్చే రసీదు కాగితం అలాగే ఉంటుంది, మనమూ అలాగే కవరులో దాచుకుంటాం. తెలిసి కూడా ఆలోచించలేదు.

స్టేషన్లో ఐదూ పదికి నా ఫిర్యాదు టైపు చేశారు. ఆఫీసరమ్మ జాకెట్ వాసన చూసి "తినేదేనా?" అంది. "అవును, వీళ్లు అలాంటివే చల్లుతారట" అన్నాను. మా ఇద్దరి చేతులూ మధ్యాహ్నం నుంచి ఆ వాసనే వస్తున్నాయి. ఇంట్లో వాసన ఇంట్లోవాళ్లకు తెలియదు. సంతకం పెట్టాను. వస్తుంటే ఆమె బెంచీ మీద కూర్చుని గోడ గడియారం చూస్తోంది. ఆమె పేరు ఎల్వీరా అనీ, బొలీవియా నుంచి వచ్చిందనీ, ఒక ముసలాయన్ను చూసుకునే పని చేస్తుందనీ ఆఫీసరమ్మ చెప్పింది. "రెసిడెన్స్ కార్డు రెన్యువల్‌లో ఉంది. మీ ఫిర్యాదు అందులోకి వెళుతుంది" అంది, ఏ భావమూ లేకుండా.

ఆరుంపావుకు హోటల్ చేరాం. నేను మంచం మీద కూర్చుని మురళికి ఎలా చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. దొంగ నా మీద పడటమే కాదు, ఆ దొంగను నేనే పట్టుకున్నాను. సునీత బ్యాగు ఖాళీ చేస్తోంది.

"ఏమండీ, ఇటు రండి" అంది.

సీసా మూత వంకరగా ఉంది. బ్యాగు వెనక గుడ్డంతా నూనె పీల్చుకుని ఎర్రబడింది. ఒక వెల్లుల్లి రెబ్బ జిప్పుకు అంటుకుని ఉంది.

"మూత సరిగ్గా పెట్టనిది ఎవరు?" అన్నాను. నోట్లోంచి ముందు వచ్చిన మాట అదే. రాయడానికి సిగ్గుగా ఉంది గానీ అదే.

సునీత జాకెట్ తీసి బ్యాగు పక్కన పరిచింది. రెండు మరకలూ ఒకదాని అచ్చు ఒకటి. "ఆవిడ చెయ్యి జేబులో పెట్టడం మీరు చూశారా?" అని అడిగింది. ఆఫీసరమ్మ అడిగిన మాటే, తెలుగులో.

నేను పావుగంట వాదించాను. పొద్దున పదకొండుకు విమానం, మళ్లీ ఈ ఊరికి రాబోం అన్నాను. అబద్ధం చెప్పానని ఒప్పుకుంటే నా మీదే కేసు రాస్తారు, గ్రీన్‌కార్డు ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా అని గడి ఉంటుంది అన్నాను.

"ఆవిడ ఫారంలో కూడా ఉంటుంది కదా" అంది సునీత.

ఏడింటికి మళ్లీ స్టేషన్‌కి వెళ్లాం. ఎల్వీరా ఇంకా ఆ బెంచీ మీదే ఉంది. నేను సీసా బల్ల మీద పెట్టాను. చెయ్యి జేబులో పెట్టడం చూడలేదనీ, చూశానని అబద్ధం చెప్పాననీ అన్నాను. ఎందుకు చెప్పారని ఆఫీసరమ్మ అడిగింది. సమాధానం నాలుగేళ్ల క్రితానిది, ఫ్రిస్కోలోది. "నలుగురిలో మాట పోతుందని" అన్నాను. ఆమె పెన్ను కింద పెట్టింది. ఇలాంటి మాట మీద మనుషుల జీవితాలు తారుమారవుతాయని, కావాలంటే నన్ను కూర్చోబెట్టగలనని చెప్పింది. నా పాస్‌పోర్టు తీసుకుని లోపలికి వెళ్లింది. ఆ ఇరవై నిమిషాలూ ఎల్వీరా, నేను ఒకే బెంచీకి రెండు చివరల కూర్చున్నాం. మధ్యలో సునీత.

ఆఫీసరమ్మ కొత్త వాంగ్మూలం తెచ్చింది. సంతకం పెట్టాను. ఎల్వీరా పేరు మీద ఏమీ ఉండదని రెండు భాషల్లోనూ చెప్పింది. నేను లేచి, వచ్చిన ఒక్క స్పానిష్ మాటా అన్నాను, క్షమించమని. ఎల్వీరా ఆ మాట తీసుకోలేదు. సీసా వైపు చూపించి ఆఫీసరమ్మను ఏదో అడిగింది.

"అదేమిటని అడుగుతోంది."

"మామిడికాయ. నూనె, కారం" అన్నాను.

ఎల్వీరా తల ఊపింది. నెమ్మదిగా ఇంకో రెండు ముక్కలు చెప్పి, సంచి తీసుకుని వెళ్లిపోయింది. ఆమె చూసుకునే ముసలాయన ఇంకా ఏమీ తినలేదట. ఆఫీసరమ్మ తర్జుమా చేసింది: "సిగ్నల్ దగ్గర కూడా మీకు అదే చెప్పిందట. నూనె మరక, ఆరకముందే కడుక్కో, లేకపోతే పోదు అని."

పోలేదు. హోటల్ సబ్బుతో కడిగితే ఇంకా పాకింది. తెల్లారి చలిగా ఉంటే అదే వేసుకున్నాను. ఎయిర్‌పోర్టు బస్సులో ఒక ముసలామె నా భుజం తట్టి వీపు చూపించింది. విమానం ఎక్కే వరుసలో ఒకతను, విమానంలో ఎయిర్‌హోస్టెస్, నూవర్క్‌లో పెట్టెల దగ్గర ఒక పెద్దాయన. ఇంటికి చేరేలోపు నలుగురు చెప్పారు. నలుగురికీ థాంక్స్ అన్నాను. వాళ్లలో ఒక్కరి చెయ్యీ నా జేబు వైపు రాలేదు. వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. డబ్బు లోపల దాచుకోండి, బ్యాగు ముందుకు తగిలించుకోండి, అది మంచిదే. కానీ మనిషి మీద చెయ్యి వేసే ముందు, చూడనిది చూశాననే ముందు, సీసా మూత చూసుకోండి.

ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి వచ్చే రైల్లో ఫోన్ మోగింది. పద్మ.

"అన్నయ్యా, దిగారా? ఆ సీసా మూత కొంచెం లూజు, మీకు చెప్పడం మర్చిపోయా. కారలేదు కదా?"

మామూలుగా అయితే ఆ మాటను దెప్పడానికి ఇరవై ఏళ్లు దాచుకునేవాణ్ని.

"కారిందమ్మా. తప్పు మూతది కాదు."

వెనక గోలగా ఉంది. శనివారం పాట్‌లక్, తలా ఒక వంటా తెచ్చుకుని పదిమంది దాకా వచ్చారట. మురళి ఫోన్ లాక్కున్నాడు. "ఏంటి బావా, స్పెయిన్‌లో కాషాయాలు తగిల్నాయా?"

ఒక్క పైసా పోలేదు అనే మాట నాలుగేళ్లుగా నా నాలుక మీద ఉంది. నిజం కూడా. సునీత కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"స్పీకర్ ఆన్ చెయ్యి మురళీ" అన్నాను. "అందరూ వినాలి."