రెండో చీజు ముక్క

ఆ రోజుల్లో నాకు కోపం ఇప్పటికన్నా తొందరగా వచ్చేది. ఆ రోజులంటే మరీ పాతకాలం కాదు, నాలుగేళ్ల కిందటి మాట. అప్పటికి నేను సిడ్నీకి కొత్తగా వచ్చిన డెబ్భై ఏళ్ల పడుచువాణ్ణి. (ఇప్పుడు కోపం మోకాళ్ల దాకా వచ్చి అక్కడే కూలబడుతోంది.) ఈ ఊళ్లో కోపం తెప్పించని వస్తువు నాకు కనబడేది కాదు. పాలే తీసుకోండి. మా పాలకేంద్రంలో ఎవడైనా వెన్న తీసేసిన పాలు తెస్తే క్యాను తిప్పి పంపేవాణ్ణి. ఇక్కడ ఆ పాలకే వేరే రంగు మూత పెట్టి, ఆరోగ్యమని పేరు పెట్టి అమ్ముతున్నారు. జనం తెలిసి తెలిసి కొనుక్కుపోతున్నారు.

తెనాలి దగ్గర ఒక పాలకేంద్రంలో ముప్ఫై ఆరేళ్లు పాలు పరీక్ష చేసినవాణ్ణి నేను. చదివింది ఎనిమిదో తరగతి. మిగతా చదువంతా, బదిలీ మీద పోతూ ఓ ఆఫీసరు వదిలేసిన పాడి శాస్త్రం పుస్తకమూ, పక్కన పెట్టుకున్న నిఘంటువూ నేర్పినదే. నా పని తీరు ఒకటి చెప్పాలి. నీళ్లు కలిపిన వాణ్ణి గుమ్మంలో ఎప్పుడూ ఆపేవాణ్ణి కాదు. ఆపితే "అయ్యో, పొరపాటున వేరే క్యాను తెచ్చానండీ" అని జారుకుంటాడు. పోయనివ్వాలి. పోశాక, పాలలో నీళ్లని పట్టిచ్చే లాక్టోమీటరు ముంచి, వరసలో నిలబడ్డ వాళ్లందరికీ కనబడేలా పైకెత్తాలి. ఆ ఎత్తడంలో ఉన్న ఆనందం నాకు జీతంలో కూడా కనబడలేదు.

మా ఆవిడ బాధ వేరు. ఇక్కడికొచ్చిన దగ్గర్నుంచీ ఆవిడకి నోరు చచ్చిపోయింది. వంకాయకి రుచి లేదు, పెరుగుకి పులుపు లేదు, మనవాళ్ల దుకాణాలుండే హారిస్ పార్కు పేటలో కొన్న నేతి మిఠాయికి నేతి వాసన లేదు. "దీపావళిలోపు వెళ్లిపోదామండీ" అని రోజుకోసారి అనేది. ఆ మాట వినబడినప్పుడల్లా మా మనవరాలి మొహం వాడిపోయేది. ఈ పిల్ల మా అమ్మాయి కూతురు, ఇక్కడే పుట్టింది, యూనీలో (యూనివర్సిటీకి ఇక్కడి ముద్దుపేరు) చదువుతోంది, తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో ఇస్తుంది. అమ్మమ్మ వచ్చాక గాని ఆ పిల్లకి తల దువ్వించుకోవడమంటే ఏమిటో తెలియలేదు. ఓ రోజు ఫోను పట్టుకొచ్చి, సిటీలో స్విస్ చాక్లెట్లూ చీజూ రుచి చూపిస్తూ నడిపించే టూరొకటి ఉందంది. "జస్ట్ వన్ సాటర్‌డే, అమ్మమ్మా. నచ్చకపోతే ఐ విల్ బుక్ యువర్ టికెట్స్ మైసెల్ఫ్" అంది. ఆవిడ "శాకాహారమేనా?" అని ఒక్క మాట అడిగి ఒప్పుకుంది.

మేముండే పారమట్టాలో రైలెక్కి సిటీకి వెళ్లాం. గైడు మెడలో ఆవు గంట వేసుకున్న కుర్రాడు. మమ్మల్ని కూడగట్టడానికి దాన్ని వాయించేవాడు. (ఆవుల్ని పిలిచే పద్ధతిలో నన్ను పిలవడం అదే మొదటిసారి.) చాక్లెట్ దుకాణంలో, ముందు ముక్క విరిచి చప్పుడు వినమన్నాడు, తర్వాత వాసన చూడమన్నాడు, తర్వాత నమలకుండా నాలిక మీద కరగనివ్వమన్నాడు. డెబ్భై ఏళ్లుగా నోట్లో పెట్టుకుంటున్నవాడికి నోట్లో ఎలా పెట్టుకోవాలో పాఠం. పాలు చాక్లెట్లో కలపొచ్చని లోకానికి చూపించింది స్విస్ వాళ్లేనని చెప్పి చప్పట్లు కొట్టించాడు. నేను కొట్టలేదు. "తాతయ్యా, ప్లీజ్ డోంట్ స్టార్ట్" అని మనవరాలు నా మోచెయ్యి గిల్లింది. మా ఆవిడ "పర్లేదు, బానే ఉంది" అంది. ఆవిడ లెక్కన అది ఏమీ బాగాలేదని.

తర్వాత చీజు దుకాణం. అక్కడ నా వయసే ఉన్న స్విస్ పెద్దావిడ, తిరగలి రాయంత చీజుని సగానికి కోసి, కోసిన వైపు సెగకి పెట్టి, కరిగిన పొరని కత్తితో గోకి ఉడికించిన బంగాళాదుంప మీద వేస్తోంది. శాకాహారమేనా అని మనవరాలి చేత మా ఆవిడ అడిగించింది. "నో వర్రీస్, హండ్రెడ్ పర్సెంట్" అన్నాడు గైడు.

నాకు తెలుసు. నా పుస్తకంలో ఒక అధ్యాయమంతా అదే. ఇలాంటి పాతకాలపు చీజుకి పాలు విరిచేది నిమ్మకాయ కాదు, పాలు తాగే దూడ పొట్టలోంచి తీసిన రసం. చెప్పడానికి నోరు తెరిచాను. తెరిచినవాణ్ణి మూసేశాను. జాలి చేత అనుకునేరు. కాదు. పోయనివ్వాలి కదా.

మా ఆవిడ మొదటి ముక్క నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. చాలాసేపు తెరవలేదు. "పిడకల దాలిలో కాగిన పాలకుండ అడుగు గోకి పెట్టినట్టుందే. మా అమ్మ పెట్టేది" అంది. ఆర్నెల్లలో మొదటిసారి, ఎవరూ అడక్కుండానే పళ్లెం ముందుకి చాపి, "ఇంకోటి పెట్టమను" అంది. మనవరాలు నావైపు చూసి నవ్వింది. నేను ఆ నవ్వు చూడలేదు. ఆ సమయంలో గైడు నోటివంక చూస్తున్నాను. వాడు ఉపన్యాసం ముగించి, ఎవరికైనా ప్రశ్నలున్నాయా అన్నాడు. నేను చెయ్యెత్తాను.

దూడ దగ్గర మొదలుపెట్టి పొట్ట దాకా, నాకొచ్చిన ఇంగ్లీషంతా ఖర్చుపెట్టి చెప్పాను. గైడు మొహం ఎర్రబడింది. పెద్దావిడ మాత్రం దాచలేదు. "నిజమే. మా నాన్నా ఇలాగే చేసేవాడు" అంది. నేను లాక్టోమీటరు ఎత్తినవాడిలా అందరివంకా తిరిగి చూశాను. ఎవరూ నన్ను చూడటం లేదు. అందరూ మా ఆవిడని చూస్తున్నారు. ఆవిడ రెండో ముక్కని మెల్లిగా పళ్లెంలో పెట్టేసింది.

"ఈ సంగతి మీకెప్పట్నుంచి తెలుసు?"

"ఎప్పట్నుంచో. ఆ పుస్తకంలో..."

"అంటే, నేను మొదటి ముక్క తినకముందూ తెలుసు."

"తెలుసనుకో. కానీ వాడి చేత అబద్ధం ఆడించాక కదా పట్టుకోవలసింది..."

"నేనేమన్నా మీ పాలక్యానునా?"

"యూ లెట్ హర్ ఈట్ ఇట్, తాతయ్యా?" అంది మనవరాలు. అంది అంటే అరవలేదు. అరిచినా బావుండేది.

మా తెలుగు ఒక్క ముక్క రాకపోయినా ఆ పెద్దావిడకి సంగతంతా అర్థమైనట్టుంది. దుకాణం కార్డు తీసి, వెనకాల ఏదో రాసి, మా ఆవిడ చేతిలో పెట్టింది. పుస్తకం చదివినవాణ్ణి నేనుండగా, నాకివ్వలేదు. తిరుగు రైల్లో వాళ్లిద్దరూ ఒక సీట్లో, నేను ఎదురుగా. "తెలియక తిన్నదానికి దోషం లేదులే" అన్నాను. "నాకు తెలీదు. మీకు తెలుసు. దోషం ఎవరిదో ఆ పుస్తకంలో చూసి చెప్పండి" అని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

ఇక టికెట్లు కొనడమే తరువాయి అనుకున్నాను. సోమవారం వాళ్లిద్దరూ కార్డు పట్టుకుని పారమట్టాలో ఓ దుకాణానికి వెళ్లారు. దూడతో పనిలేకుండా చేసిన చీజు పేరట ఆ కార్డు మీద ఉన్నది. తెచ్చి, పెనం మీద కరిగించి, గోకి, పెసరట్టు మీద వేసుకున్నారు. ఆ దీపావళి వెళ్లింది, ఆ తర్వాత ఇంకో మూడు వెళ్లాయి. ఇప్పుడు హారిస్ పార్కు ఆడవాళ్లంతా ఏ చీజు తినొచ్చో మా ఆవిడకే ఫోను చేస్తారు. "ఆంటీ, ఈ పాకెట్ ఓకేనా?" అని. నన్ను ఒక్కరూ అడగరు. ఇది అన్యాయం కాదా?

ఒక్క సంగతి ఉంది. ముందే చెప్పి ఉంటే ఆవిడ ఆ ముక్క ముట్టేదే కాదు, దీపావళికి మేం సిడ్నీలో ఉండేవాళ్లమే కాదు. నా తరఫున ఇంత గట్టి వాదన నా జీవితంలో మరొకటి దొరకలేదు. నాలుగేళ్లుగా అది నోటి దాకా వచ్చి వెనక్కి పోతోంది. చెయ్యెత్తి నిలబడ్డ ఆ డెబ్భై ఏళ్ల కుర్రాడైతే ఆ దీపావళి నాడే అనేసి ఉండేవాడు. వాణ్ణి తలుచుకుంటే కోపమూ వస్తుంది, నవ్వూ వస్తుంది, వాడి మోకాళ్లు తలుచుకుంటే కాస్త అసూయా వేస్తుంది.

ఇందాకే మా ఆవిడ పళ్లెం తెచ్చి ముందు పెట్టింది. "ఏం వేశావిందులో?" అన్నాను.

"తినండి. తిన్నాక చెబుతాను."

నాలుగేళ్లుగా తింటున్నాను. ఇంతవరకూ చెప్పలేదు.