తొమ్మిది పళ్ల ప్లేటు

"తొమ్మిది నాయినా" అని నేను చెప్పేసరికి, నాయిన దారానికి రెండో ముడి కూడా వేసేశాడు. మొదటి ముడి క్లచ్చి ప్లేటు వెడల్పుకి, రెండోది దాని నడుమ రంధ్రానికి. ఆ రంధ్రం చుట్టూ లోపలి అంచుకు పళ్లుంటాయి. అవి గేరు ఇరుసు గాడుల్లో సరిగ్గా కూర్చోవాలి. ఒక్క పన్ను తేడా వచ్చినా బండి కదలదు.

నాయిన మోటారు మిస్త్రీ. కళ్లకు మసక కమ్మాక లెక్కలన్నీ నావే. నాలుగో తరగతి దాకా చదివానని ఆయనకు నా మీద ఎంత నమ్మకమో! మెదక్‌లో మాకు దొరికే మోటారు ఒక్కటే, దవాఖానది. అది మా నాయిన కంటే ముసలిది. దాని క్లచ్చి ప్లేటు అరిగి నున్నగా అయిపోయింది. టేక్మాల్‌లో మా అక్కకు నెలలు నిండాయి, కాళ్లు కుండల్లా ఉబ్బాయి. ఎడ్లబండి కుదుపులు పడవు, మోటారులోనే తీసుకురమ్మని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

పట్నం పోయి కొత్త ప్లేటు తేవాల్సింది అన్న. పాతది వెంట తీసుకుపోతానన్నాడు.

"పాగల్ అయినవా?" అన్నాడు నాయిన. "పోలీసు యాక్షనై నెల గాలే. తొవ్వ పొంటి మిలిటరీ సంచులు గుంజి చూస్తుండ్రు. గీ గుండ్రటి ఇనుము చూస్తె బాంబంటరు, కమ్యూనిస్టు సంగపోడని లోపలేస్తరు. దారం తీస్కపో. చెల్లె లెక్క గుర్తుంచుకో."

"చెల్లె లెక్క తప్పితె?"

"నీ లెక్కోలె అనుకున్నవా?" అన్నాను నేను. ముగ్గురం నవ్వాం.

ఆ లెక్క ఎట్లా పెట్టానో చెప్పాలి. మా ఇంట్లో వడ్లు కొలిచేటప్పుడు మొదటి మానికను ఒకటి అనం, లాభం అంటాం. ఆ తర్వాత రెండు, మూడు. ఆ అలవాటుతో మొదటి పన్ను మీద వేలు పెట్టి "లాభం" అన్నాను.

"ఇనుం గూడ వడ్లేనా బిడ్డా?" అని నాయిన పకపకా నవ్వాడు.

సిగ్గేసింది. అప్పటికే వేలు పక్క పన్ను మీదికి జరిగింది. అక్కడ "ఒకటి" అని మొదలుపెట్టి, చుట్టూ తిరిగొచ్చి, ముందు ముట్టుకున్న పన్ను దగ్గర ఆగిపోయాను.

పట్నం పోయిన అన్న నాలుగో రోజు మధ్యాహ్నం ఖాళీ చేతులతో వచ్చాడు.

"దుకాణపాయన పది పండ్లది చేతుల వెట్టిండు నాయినా. దారం సరిగ్గ సరిపోయింది. గీ మోటరుకు తొమ్మిది పండ్లు రానే రావు, గిదే తీస్కపో అన్నడు. నేనే గాదన్న. మా చెల్లె లెక్క తప్పదన్న."

నేను సుద్దముక్కతో ఒక్కో పన్ను మీద గీత పెడుతూ మళ్లీ లెక్కపెట్టాను. పది. ఇంకోసారి పెట్టాను. పదే. ఆ రోజు "లాభం" అన్న పన్నును లెక్కలో కలపనే లేదు. నాయిన నా చేతిలోంచి ప్లేటు తీసుకుని, పళ్లను వేలితో ఒక్కొక్కటే తడిమాడు.

"మల్ల పట్నం పోయొచ్చే టైం లేదు, ఎడ్లబండి గట్టు" అన్నాడు అన్నతో.

బండిలో గడ్డి, దాని మీద రెండు బొంతలు పరుచుకుని ఇద్దరూ టేక్మాల్ పోయారు. మరునాడు సాయంత్రం అక్కాబావలతో వచ్చారు. తొవ్వలోనే నొప్పులు మొదలయ్యాయట. దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు. జుట్టు మాత్రం ఒత్తుగా ఉంది. డాక్టరమ్మ చాలాసేపు వీపు రుద్దింది, తర్వాత తెల్లటి గుడ్డ కప్పింది.

"మోటరేమైంది మామా?" అని బావ అడిగాడు.

"పట్నంల సామాను దొరకలే" అన్నాడు నాయిన.

అన్న తల వంచుకున్నాడు. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. అబద్ధమాడని మనిషి నా కోసం అబద్ధమాడాడు.

తెల్లారి గంజి తీసుకుని దవాఖానకు ఒక్కదాన్నే వెళ్లాను. అక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. రవిక ముందంతా పాలతో తడిసి ఉంది.

"అచ్చినవా చెల్లె? తలంత చిక్కువడ్డది, జర దువ్వు" అంది.

దువ్వెన తీసుకుని ఆమె వెనక కూర్చున్నాను. మళ్లీ లేచి ఎదురుగా వచ్చి కూర్చుని, నా లెక్క తప్పిందని మొదటినుంచీ చెప్పేశాను.